డ్రయ్యరులో బట్ట త్వరగా ఆరనప్పుడు చూడవలసినవి: మడివాళ షెడ్డులో నేర్చిన పాఠము

నేత సోదరులకు, సోదరీమణులకు బట్ట ఆరుట అనునది క్రొత్తగా చెప్పవలసిన విషయము కాదు. వీధిలో పడుగు సాచి, గంజి పెట్టి, కుంచె వేయు కాలమునుండియు మన పనికి సగము యజమాని ఆకాశమే. తెల్లవారుజామున కొంచెము గాలి ఆడినచో పడుగు చక్కగా ఆరును. ఎండ మండిపోవుచున్నను గాలి స్తంభించినచో పోగులు ఒకదానికొకటి అంటుకొనును. ఈ సంగతి మన ఇండ్లలో పదేండ్ల పిల్లవానికి కూడ తెలియును. అయినను అదే పని ఒక ఇనుప పెట్టెలో, కరెంటుతో జరుగునప్పటికి మనము దానిని మరచిపోవుచున్నాము. బట్ట ఆరుటలేదు అనగానే వేడి చాలలేదని నిశ్చయించుకొని హీటరు మార్పించుచున్నాము. మేమును మొదట అట్లే తలచితిమి గనుక, ఆ పొరపాటు ఎట్లు బయటపడినదో జరిగినది జరిగినట్లు చెప్పెదము.

ఇటీవలి సంవత్సరములలో మన సభ్యులలో కొందరు బట్టలు ఆరబెట్టు యంత్రములను, అనగా డ్రయ్యర్లను కొనిరి. కారణము తెలిసినదే. మంగళగిరి, చీరాల వైపునుండి వచ్చు నూలు గుడ్డను కుర్తాలకు, చొక్కాలకు కొనువారు, ఒకసారి ఉతికి కుదించి ఇచ్చినగాని తీసికొనమనుచున్నారు. మగ్గము మీద బిగించి నేసిన గుడ్డ మొదటి ఉతుకులో తన బిగువు వదలుకొని పొట్టియగును. అది కుట్టక ముందు జరిగినచో బాధ లేదు. కుట్టిన తరువాత జరిగినచో నింద దర్జీకి పోదు, నేతగానికే వచ్చును. ఉతుకుట ఎక్కడనైన ఉతుకవచ్చును గాని, వానకాలములో వందల మీటర్లు ఆరవేయుటకు బెంగుళూరులో మేడమీది తీగ చాలదు. అందుచేత డ్రయ్యరు.

అట్టి యంత్రమొకటి మడివాళలో ఉన్నది. హోసూరు రోడ్డు ప్రక్కనున్న ఆ పేట పేరు వినగానే మనకు నవ్వు వచ్చినది. కన్నడములో మడివాళుడనగా బట్టలు ఉతుకువాడు; పన్నెండవ శతాబ్దమున బసవేశ్వరుని కాలపు శరణులలో మడివాళ మాచిదేవుడు ఆ వృత్తివాడే. మన తెలుగులోను ఉతికి ఆరవేసిన బట్టకు మడి అని, చాకలికి మడేలు అని పేర్లున్నవి. అట్టి పేరుగల చోట బట్ట ఆరకపోవుటయా అని మేము హాస్యమాడితిమి. ఆ షెడ్డు నడుపు అన్నదమ్ములకు మాత్రము అది హాస్యము కాదు.

వారు మంగళగిరి ప్రాంతమునుండి వచ్చినవారు. అన్నగారు, తమ్ముడు, అన్నగారి భార్య, ముగ్గురును పనివారే. 15 కిలోల డ్రయ్యరును అప్పుచేసి కొనిరి. మొదటి సంవత్సరము 8 కిలోల గుడ్డ ముప్పాతిక గంటలో ఆరి వచ్చుచుండెను. 2022 వానకాలము బెంగుళూరు వారు మరచునది కాదు. ఆగస్టు చివరను, సెప్టెంబరు మొదటను నగరపు తూర్పు దక్షిణ భాగములలో రోడ్లు కాలువలైనవి. ఆ ఆగస్టులోనే ఈ యంత్రము ఒక్కొక్క విడతకు రెండు గంటలు, రెండుంబావు గంటలు తీసికొనసాగెను. దసరాకు ముందు 600 మీటర్ల కుర్తా గుడ్డ ఇయ్యవలసియున్నది, బయానా తీసికొనియున్నారు. మెకానిక్కు వచ్చి హీటరు మార్చెను, తగ్గలేదు. మరియొకరు వచ్చి మరల హీటరు మార్చిరి, తగ్గలేదు. మూడవవాడు వచ్చి, బెంగుళూరు ఎత్తు ప్రదేశము గనుక ఇక్కడ డ్రయ్యర్లు ఇంతేనని చెప్పి డబ్బు తీసికొనిపోయెను. ఈలోగా నలుబది మీటర్ల తెల్ల గుడ్డ ఎక్కువసేపు తిరిగి పసుపు వన్నెకు మారినది. వాయిదా సొమ్ము కట్టవలసిన తేది దగ్గరపడుచుండగా, యంత్రము అమ్మివేసి బయానా తిరిగి ఇచ్చివేయుదుమా అని వారు మా సలహా అడిగిరి.

మేము వెళ్ళిన దినమున కూడ వాన కురియుచుండెను. షెడ్డు తలుపులు మూసియున్నవి. లోన అడుగుపెట్టగనే గోడలు చెమర్చియున్నట్లు కనబడినది, కాని ఆ సమయమున మేము దానిని వానవలననే అనుకొంటిమి. మా కన్ను మూలనున్న పాత హీటరు తీగల మీద పడినది. ఒక్కొక్కటి 3 కిలోవాట్లది, మూడు కలిసి 9 కిలోవాట్లు. 230 వోల్టులపై 3 కిలోవాట్ల తీగ సుమారు 17.6 ఓములు చూపవలెను. మాతో వచ్చిన ఎలక్ట్రీషియను మీటరు పెట్టి చూడగా మూడును 17కు, 18కి మధ్య చూపినవి. అనగా తీసి పారవేసిన హీటరు మంచిదే. వారు రెండుసార్లు మంచిదానిని తీసి మంచిదానిని పెట్టించుకొనిరి. ఆ మాట విని తమ్ముడు చాలసేపు మాటాడలేదు.

అప్పుడు మేము కాటా తెప్పించితిమి. ఈ పాఠములో ముఖ్యమైన పనిముట్టు అదియే. స్క్రూడ్రైవరు తరువాత.

బట్ట ఆరుట అనగా నీరు పోవుట. ఎంత నీరు పోవలెనో తెలియకుండ ఎంతసేపు పట్టవలెనో చెప్పుట, దూరము తెలియకుండ బండి ఎప్పుడు చేరునో చెప్పినట్లు. ఒక విడత గుడ్డను ఉతుకుటకు ముందు తూచితిమి, 8 కిలోలు. ఉతికి, నీరు పిండు యంత్రములో త్రిప్పి తీసినపిదప తూచితిమి. 15 కిలోల 200 గ్రాములు. అనగా డ్రయ్యరులోనికి పోవుచున్నది గుడ్డ కాదు, దాదాపు బిందెడు నీరు: 7.2 కిలోలు. ఒక కిలో నీటిని ఆవిరి చేయుటకు, ఎంత మంచి యంత్రమైనను, సుమారు మూడింట రెండువంతుల యూనిటుకు సమానమైన వేడి కావలెను; ఇది ప్రకృతి నియమము, ఏ కంపెనీయు దానిని తగ్గించజాలదు. గుడ్డను, పీపాను, వెలికిపోవు గాలిని వేడిచేయుటకు పట్టునది కూడ కలిపి కిలో నీటికి ఒక యూనిటు అని లెక్కవేసికొన్నచో పనికి సరిపోవును. అట్లయిన 7.2 యూనిట్లు. 9 కిలోవాట్ల హీటరు ఎడతెగక పనిచేసినచో 48 నిమిషములలో అంత వేడి ఇయ్యగలదు. కొంత జారుబాటు పోయినను గంటకు అటుఇటుగా ముగియవలెను. మేము గడియారము పెట్టుకొని చూచినప్పుడు పట్టినది 2 గంటల 20 నిమిషములు, మీటరులో కాలినది 11 యూనిట్లు.

ఈ రెండు అంకెలను కలిపి చూచినచో రోగము సగము తెలిసిపోవును. హీటరు అంతసేపును వెలిగియుండినచో 21 యూనిట్లు కాలవలెను. 11 మాత్రమే కాలినవి, అందులో పీపాను, ఫానును త్రిప్పు మోటారు భాగము కూడ ఉన్నది. కాబట్టి హీటరు సగముకంటె ఎక్కువసేపు ఊరక ఉన్నది. ఎలక్ట్రీషియను తీగమీద క్లాంప్ మీటరు తగిలించి చూపెను: నాలుగు నిమిషములు వెలుగుట, ఐదు నిమిషములు ఆరుట. దానిని ఆర్పుచున్నది థర్మోస్టాటు. థర్మోస్టాటు ఎందుకు ఆర్పును? హీటరు దగ్గరి గాలి కావలసినంతకంటె ఎక్కువ వేడెక్కినప్పుడు. అది ఎందుకు వేడెక్కును? గాలి కదలక అక్కడనే నిలిచినప్పుడు.

అనగా ఈ యంత్రమునకు వేడి తక్కువ కాలేదు, ఎక్కువైనది. కొరత వచ్చినది తడిగాలి పోవు దారికి.

ఇది కొంచెము నిలిచి ఆలోచింపదగిన విషయము. గాలి నీటిని మోయు కూలివాడు వంటిది. వేడియైనకొలది ఎక్కువ బరువు ఎత్తగలదు. 25 డిగ్రీలలో ఒక ఘనపు మీటరు గాలి మోయగలిగినది 23 గ్రాముల నీరు. అదే 60 డిగ్రీలలో 130 గ్రాములు. వానదినమున గాలి నూటికి 80 పాళ్ళు తడితో నిండియున్నను, 60 డిగ్రీలకు కాచినచో దాని తడి తన శక్తిలో ఎనిమిదవ వంతుకు దిగిపోవును. కాబట్టి వానపడుచున్నది గనుక డ్రయ్యరు ఆరబెట్టలేదనుట సరికాదు. కాని ఆ కూలివాడు బరువెత్తుకొని బయటకు పోవలెను గదా! తలుపుదగ్గర త్రోవ లేక నిలిచిపోయినచో, లోపలివారికి ఎంత వేడి పెట్టినను పని సాగదు. మా లెక్కకు ఒక కిలో నీటిని మోసికొనిపోవుటకు సుమారు 50 ఘనపు మీటర్ల గాలి లోనికి వచ్చి బయటకు పోవలెను. పది అడుగుల పొడవు, పది వెడల్పు, పది ఎత్తుగల గదిలో ఉండునది 28 ఘనపు మీటర్లు. అనగా ఆ 7.2 కిలోల నీటికి పన్నెండు పదమూడు గదుల గాలి! ఆ లెక్క చెప్పినప్పుడు అన్నగారు మూసియున్న తలుపులవైపు చూచిరి. మేమును అప్పుడే చూచితిమి.

తలుపు తెరిపించి, యంత్రము వెనుకకు పోయితిమి. మొదట మెయిను ఆర్పించితిమని వేరుగా చెప్పనక్కరలేదు. ఐనను చెప్పుచున్నాము, ఏలయన ఈ యంత్రము వెనుక చేయిపెట్టువారిలో సగముమంది దానిని మరచుచున్నారు. హీటరు పెట్టె విప్పు పని లైసెన్సుగల ఎలక్ట్రీషియనుకే వదలవలెను. గొట్టము, జల్లెడ మాత్రము ఎవరైనను చూడవచ్చును.

మొదట యంత్రము అమర్చినప్పుడు గొట్టము ఎనిమిది అడుగులు, తిన్నగా గోడ దాటి సందులోనికి పోవుచుండెను. సంవత్సరము పిదప ప్రక్క ఇంటివారు తమ ఆరవేసిన బట్టలమీద నూగు పడుచున్నదని తగాదా పెట్టిరి. వారి మాట న్యాయమే. అందుకని వీరు గొట్టమును మరి 14 అడుగులు పెంచి, నాలుగు వంపులు త్రిప్పి, వెనుక పెరటివైపు మళ్ళించిరి. పావురములు దూరకుండ మూతికి సన్నని ఇనుప జాలి బిగించిరి. ఈ మార్పు జరిగినది మే నెలలో. ఎండకాలము గనుక వెంటనే తేడా తెలియలేదు. జాలికి నూగు పట్టుటకు కూడ కొన్ని వారములు పట్టినది. ఆగస్టు నాటికి ఆ జాలి కంబళివలె అల్లుకొనిపోయినది. మేము దానిని ఊడదీసి చేతిలో పట్టుకొని చూచితిమి; వెలుతురు కనబడలేదు. నేతపని తెలిసినవారమైయుండి, గాలిచేత అంత దట్టముగా నేయబడిన గుడ్డను చూచుట మాకు అదే మొదలు.

గొట్టము నిడివికి మాత్రమే కాదు, వంపునకు కూడ లెక్క ఉన్నది. అమెరికా దేశపు గృహనిర్మాణ నిబంధనలలో ఇంటి డ్రయ్యరుకు నాలుగంగుళముల గొట్టము 35 అడుగులు దాటరాదనియు, నిలువు మలుపు ఒక్కొక్కదానికి అందులోనుండి 5 అడుగులు తగ్గించుకొనవలెననియు ఉన్నది. ఈ షెడ్డులోని యంత్రము పెద్దది, దాని గొట్టము వెడల్పు వేరు. కంపెనీవారి పుస్తకములో దానికి తగిన కొలతలు ఉండును. కాని మలుపు ధర ఎంతయో తెలియుటకు ఈ లెక్క చాలును. 22 అడుగుల గొట్టము నాలుగు మలుపులతో 42 అడుగులతో సమానమైనది. ముడుతల రేకు గొట్టమైనచో మరియు చెడ్డది, ప్రతి ముడుతలోను నూగు కూర్చుండును.

ఇంకొక రంధ్రము కూడ దొరికినది. యంత్రము వెనుకనే గొట్టపు అతుకు వదులై, తడిగాలిలో కొంత షెడ్డులోనికే వచ్చుచుండెను. తలుపులు మూసియుండుటచే ఆ తడిగాలినే యంత్రము మరల పీల్చుకొనుచుండెను. గోడలు చెమర్చినది వానకు కాదు. మేము లోనికి రాగానే చూచి గుర్తింపలేకపోయిన సాక్ష్యము అదియే.

జల్లెడ సంగతి వేరు. వదినగారు దానిని ప్రతి విడతకును దులుపుచునే ఉండిరి. అందులో ఆమె తప్పేమియు లేదు. కాని నూగు పోయినంతమాత్రాన జల్లెడ తెరచుకొన్నట్లు కాదు. బట్టలు మెత్తబడుటకు వేయు ద్రవము సన్నని పొరవలె జల్లెడకు పట్టును. మొదటి ఉతుకులో పూర్తిగా వదలని గంజి పొడియు దానిమీద అంటుకొనును. జల్లెడను కుళాయిక్రింద పట్టి చూడుడు. నీరు ధారగా దిగిపోయినచో మంచిది. పళ్ళెములో నిలిచినట్లు నిలిచినచో గాలికి కూడ అట్లే అడ్డు. ఆ జల్లెడమీద నీరు నిలిచినది. సబ్బునీటిలో మెత్తని బ్రష్షుతో తోమి, ఆరనిచ్చి పెట్టిరి. మన సభ్యులు దీనిని నెలకొకసారి చేసిన చాలును. మెత్తని ద్రవము వాడకుండుట ఇంకను మంచిది. కోర గుడ్డకు దాని అవసరమే లేదని మా అభిప్రాయము.

ఇక నీరు పిండు యంత్రము. 8 కిలోల గుడ్డ 7.2 కిలోల నీటితో బయటకు వచ్చుట మాకు మొదటినుండియు నచ్చలేదు. మూత తెరచి చూడగా బెల్టు సాగి జారుచున్నది. మోటారు వేగము బుట్టకు అందుటలేదు. పైగా గుడ్డను ఒకవైపు ముద్దగా వేయుటచే బుట్ట కొట్టుకొనుచుండెను, ఆ చప్పుడుకు భయపడి తమ్ముడు ముందుగనే ఆపివేయుచుండెను. బెల్టు బిగించి, గుడ్డను చుట్టును సమముగా పరచి త్రిప్పగా తూనిక 12 కిలోల 600 గ్రాములకు దిగినది. అనగా 2.6 కిలోల నీరు రెండు మూడు నిమిషములలో, చెప్పుకొనదగినంత కరెంటు లేకుండ పోయినది. అదే నీటిని డ్రయ్యరులో పోగొట్టవలెనన్న రెండున్నర యూనిట్లు. పిండి తీయగల నీటిని కాచి తీయుట, వాకిలి ఊడ్వవలసినచోట ధూళిని ఒక్కొక్క రేణువుగా ఏరినట్లు.

మేము మార్పులను ఒకదానివెంట ఒకటి చేసి చూచితిమి. అన్నియు ఒక్కసారి చేసినచో ఏది ఎంత మేలు చేసినదో తెలియదు. మొదట జాలి తీసి, గొట్టము దులిపి, అతుకు బిగించి, గాలి వచ్చుటకు తలుపు రెక్క ఒకటి తెరచి, పిండు యంత్రమును పాతవిధముగనే ఉంచి నడిపితిమి: 65 నిమిషములు. తరువాత బెల్టు బిగించి తీసిన గుడ్డ వేసితిమి: 42 నిమిషములు, 6 యూనిట్లు. గొట్టపు మూతిదగ్గర పట్టుకొన్న పలుచని గుడ్డపేలిక ఉదయము కదలీ కదలనట్లుండినది, సాయంకాలమునకు జెండావలె ఆడినది. ఈ పేలిక పరీక్షకు కానీ ఖర్చు లేదు. క్రొత్త యంత్రము అమర్చిన దినముననే పేలిక ఎంత ఎగురునో చూచి గుర్తుంచుకొన్నచో, తరువాత అదే మీకు మీటరు.

వదినగారి ఒక మాట ఇక్కడ వ్రాయకపోయినచో లోపమగును. గుడ్డ ఆరినదా లేదా అని తమ్ముడు వేడిగా ఉండగనే చేతితో పట్టి చూచి, మరల పది నిమిషములు త్రిప్పుచుండెను. ఆమె అన్నది: "వేడి బట్ట చేతిని మోసం చేస్తుంది మరిదీ. అంచు పట్టుకుని చల్లారనిచ్చి చూడు. నడుమ ఆరిపోయి మాడుతుంటే అంచు ఇంకా తడిగానే ఉంటుంది." ఆమె చెప్పినది రెండు విధముల సత్యము. అంచు దట్టమైనది, ఆలస్యముగా ఆరును. పొడవైన తాను పీపాలో తిరిగి త్రాడువలె పేనుకొన్నచో పైపొర మాడును, లోపొర తడిగనే ఉండును. పసుపెక్కిన ఆ నలుబది మీటర్లు అట్లు చెడినవే. తానులను వదులుగా మడిచి, పీపా సగమునకు మించకుండ వేసి, నడుమ ఒకసారి ఆపి చిక్కు విడదీసినచో ఆ రెండు నిమిషములు పది నిమిషములై తిరిగి వచ్చును.

ఎంతవరకు ఆర్పవలెను అనుదానికి కూడ కాటాయే జవాబు చెప్పును. నూలు ఎన్నడును పూర్తిగా పొడిగా ఉండదు. ప్రమాణమైన గాలిలో, అనగా నూటికి 65 పాళ్ళ తేమలో, నూలు తన పొడి బరువుపై నూటికి 8.5 వంతుల నీరు, పట్టు 11 వంతుల నీరు ఎల్లప్పుడు పట్టుకొనియుండును. మన 8 కిలోల గుడ్డలో 600 గ్రాములకు పైగా నీరు సహజముగనే ఉన్నది. వారు తీసిన విడతలలో కొన్ని 7 కిలోల 500 గ్రాములు తూగినవి. ఆ అరకిలో నీటిని ఎంతో కరెంటు పెట్టి తీసిరి; తెల్లవారునప్పటికి గుడ్డ గాలినుండి దానిని మరల త్రాగివేసినది. 8 కిలోలు వేసినచో 8 కిలోలకు వచ్చినప్పుడు ఆపవలెను, అంతే.

పట్టు వర్తకులు ఈ జ్ఞానమును మనకంటె ముందు సంపాదించిరి. తడి పట్టును బరువుకు అమ్మి మోసగించువారి బాధ పడలేక ఫ్రాన్సు దేశములోని లియోను పట్టణమున 1805లో పట్టు తేమను పరీక్షించి బరువు నిర్ణయించు ప్రభుత్వశాల స్థాపించిరి. నేటికిని పట్టు బరువనగా పూర్తిగా ఎండబెట్టిన బరువుపై 11 వంతులు కలిపినదే. మడివాళవారికి ఈ సంగతులు తెలిసికొనుటకు దూరము పోనక్కరలేదు. 1948 నాటి చట్టముచే ఏర్పడిన కేంద్ర పట్టు మండలి కార్యాలయము ఆ ప్రక్కనే ఉన్నది, 1983లో ఏర్పడిన కేంద్ర పట్టు సాంకేతిక పరిశోధన సంస్థయు అక్కడనే. పట్టుకాయలను వేడిగాలిలో ఎండబెట్టువారి ముందున్నది కూడ ఇదే ప్రశ్న: తడిగాలి ఎటు పోవుచున్నది, కాయ బరువు ఎంతకు దిగినది. ఇంతమాత్రమున పట్టుచీరను డ్రయ్యరులో వేయవచ్చునని ఎవరును తలపవద్దు. పట్టుకును, జరీ అంచుకును నీడలో తీగయే గతి.

వోల్టేజి సంగతి కొంచెము. సాయంకాలము ఏడు గంటలకు ఆ షెడ్డులో 196 వోల్టులు వచ్చినది. 230కి 196 అనగా నూటికి 15 పాళ్ళే తగ్గినట్లు కనబడును, కాని హీటరు వేడి వోల్టేజి వర్గమునుబట్టి తగ్గును: నూటికి 27 పాళ్ళు. 9 కిలోవాట్ల హీటరు ఆ వేళకు ఆరున్నరయే. కాబట్టి బరువైన విడతలు పగటిపూటకు మార్చుకొనుట లాభము. మూడు ఫేజులలో ఒకదాని ఫ్యూజు పోయినను వేడి మూడవవంతు పోవును. మోటారుకు కూడ అపాయము. ఎత్తు ప్రదేశమన్న ఆ మూడవ మెకానిక్కు మాటలో లవలేశము నిజమున్నది: బెంగుళూరు సముద్రమట్టముపై 900 మీటర్లకు పైగా ఉన్నది, ఇక్కడి గాలి చీరాల గాలికంటె పదవవంతు పలుచన. దానివలన నిమిషములు మారవచ్చును గాని గంటలు మారవు.

ఇండ్లలో గొట్టము లేని చిన్న డ్రయ్యర్లు వాడువారు కూడ వ్రాసి అడిగిరి. వాటిలో తడిగాలి బయటకు పోదు, లోపలనే చల్లబడి నీరై తొట్టెలోనికి దిగును. తొట్టె నిండినదా, చల్లబరచు రెక్కలనడుమ నూగు పేరుకొన్నదా, యంత్రమును గాలి ఆడని అలమారలో ఇరికించినారా అని ఈ మూడు చూచిన చాలును.

నూగును గురించి మరియొక మాట. అది ఆలస్యముతో పోవునది కాదు. పత్తి నూగుకంటె త్వరగా అంటుకొనునది మన పనిలో లేదు. అమెరికాలో డ్రయ్యర్ల అగ్నిప్రమాదములను విచారించినవారు, శుభ్రము చేయకపోవుటయే మొదటి కారణమని చెప్పుచున్నారు. మడివాళ షెడ్డులో గొట్టమునుండి తీసిన నూగు ఒక గోనెసంచిలో సగమువరకు వచ్చినది; అందులో యంత్రము దగ్గరి భాగమున కొంత గోధుమవన్నెకు మాడియున్నది. అది చూచినపిదప అమ్మకము మాట ఎత్తినవారు లేరు, గుడ్డ చెడినదని బాధపడినవారును లేరు. అన్నగారు ఆ సంచిని తన చేతులతో మూతికట్టి బయట పెట్టి వచ్చిరి.

ప్రక్కింటివారి తగాదా మాత్రము అట్లే మిగిలినది. పాత దారిని గొట్టము త్రిప్పినచో వారి బట్టలమీద నూగు పడును. క్రొత్త దారిలో మలుపులు ఎక్కువ. చివరకు రెండు మలుపులు తగ్గించి, గొట్టమును నిలువుగా పైకప్పు దాటించి, మూతిదగ్గర సన్నని జాలికి బదులు పెద్ద తెర పెట్టె ఒకటి చేయించిరి. తెర విస్తీర్ణము గొట్టపు మూతికి పదిరెట్లకు పైగా ఉండుటచే గాలికి అడ్డు తక్కువ, నూగు అందులోనే దిగును. దానిని ప్రతి సాయంకాలము దులుపవలెను. నిచ్చెన ఎక్కవలసియుండుటచే ఈ పని ఎవరిదను వాదము అన్నదమ్ముల మధ్య కొన్నాళ్ళు నడచినదని విన్నాము.

600 మీటర్లలో 560 దసరాకు రెండు దినములు ముందుగా పంపిరి. చెడిన నలుబది మీటర్లకు వెల తగ్గించుకొనిరి. ఆ గుడ్డకు తరువాత రంగు వేయించి అమ్మిరి. డ్రయ్యరు ప్రక్కన ఇప్పుడు పలక ఒకటి వ్రేలాడుచున్నది. దానిమీద ప్రతి విడతకును వదినగారి చేతివ్రాతలో నాలుగు అంకెలు ఉండును: పొడి తూనిక, తడి తూనిక, పట్టిన నిమిషములు, కాలిన యూనిట్లు. నిమిషములు 50 దాటిన దినమున తమ్ముడు నిచ్చెన తీయవలెనని వారిలో వారు ఏర్పాటు చేసికొనిరి.

మేము తీసికొనిపోయిన వ్రేలాడు కాటా మన సంఘ కార్యాలయములోనే ఉన్నది. కావలసిన సభ్యులు పుస్తకములో సంతకము చేసి రెండు దినములకు తీసికొనిపోవచ్చును.